చేపల తొట్టిలో అడుగు రాళ్లు మార్చడం ఎలా?

కొన్నప్పుడు ముచ్చటగా ఉన్న నీలం, గులాబీ రంగు రాళ్లు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. పూత పెచ్చులుగా లేస్తుంది. వాటిని తీసేసి సహజమైన గులకరాళ్లో ఇసుకో పోద్దామనిపిస్తుంది. ఒక మధ్యాహ్నంలో అయ్యే పనే. కానీ రాళ్లతోపాటు ఇంకేం బయటికి పోతుందో తెలుసుకున్నాకే చెయ్యి పెట్టండి.

చేపల విసర్జనల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషం. మూడోది అంత ప్రమాదకరం కాదు. ఈ బ్యాక్టీరియా చాలావరకు నీళ్లలో ఉండదు, ఫిల్టర్ స్పాంజినీ అడుగు రాళ్లనూ అంటిపెట్టుకుని ఉంటుంది. నేను మొదటిసారి రాళ్లు మార్చినప్పుడు పనిలో పనిగా స్పాంజిని కూడా కుళాయి కింద పిండి కడిగాను. తొట్టి తళతళలాడింది. మూడో రోజు పొద్దున చూస్తే చేపలన్నీ పైకి చేరి గాలి కోసం నోళ్లు తెరుస్తున్నాయి. అందుకే రాళ్లు మార్చడానికి ముందు రెండు వారాలు, తర్వాత మూడు వారాలు ఫిల్టర్‌ను శుభ్రం చేయవద్దు.

మీ తొట్టిలో రాళ్ల కింద చిల్లుల ప్లాస్టిక్ పలక, దాని నుంచి పైకి లేచిన గొట్టాలు ఉన్నాయా? అయితే ఆ రాళ్లే మీ ఫిల్టర్. ఒకేసారి తీసేయకుండా వారానికి పావు వంతు చొప్పున మార్చండి. ఇసుక మాత్రం పోయకండి, చిల్లులు పూడుకుపోతాయి.

కొత్తది ఎంచుకునేటప్పుడు చేపలను బట్టి ఆలోచించండి. అడుగున మీసాలతో వెతుక్కుంటూ తిరిగే కోరీడోరాస్‌కు మెత్తని ఇసుక మంచిది. గోల్డ్‌ఫిష్ రాళ్లను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంటుంది. సరిగ్గా గొంతులో ఇరుక్కునే సైజు రాళ్లు దానికి వద్దు. మొక్కల కోసం అమ్మే సాయిల్ కొన్ని రకాల్లో మొదట్లో అమ్మోనియా వదులుతుంది కాబట్టి, చేపలున్న తొట్టిలో దాన్ని అదే రోజు పోయడం నాకు సమ్మతం కాదు. ఏది కొన్నా నాలుగు రాళ్ల మీద వెనిగర్ చుక్కలు వేసి చూడండి. బుడగలు వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టే. అది నీటి కఠినత్వాన్ని పెంచుతుంది, అసలే కఠినమైన బోరు నీళ్లు వాడేవారికి ఇది ఇంకా ఇబ్బంది.

ఎంత కొనాలో తెలియాలంటే పొడవు, వెడల్పు, కావలసిన మందం సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగించండి. 60 × 30 తొట్టిలో 5 సెంటీమీటర్ల మందానికి 9 లీటర్లు, అంటే సుమారు 14 కిలోల గులకరాళ్లు. వాటిని కొద్దికొద్దిగా బకెట్‌లో వేసుకుని బియ్యం కడిగినట్టు, నీళ్లు తేటపడేదాకా కడగండి. ఇసుకయితే ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. సబ్బు, సబ్బు తగిలిన బకెట్ రెండూ పనికిరావు.

మార్చే రోజు ముందుగా హీటర్ ఆపి పావుగంట ఆగండి. వేడిగా ఉండగా నీటి మట్టం తగ్గితే దాని గాజు పగలవచ్చు. సగానికి పైగా నీళ్లను గొట్టంతో శుభ్రమైన బకెట్లలోకి పట్టి ఉంచండి. ఒక బకెట్‌లోకి చేపలను మార్చి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి, చేపలు ఎగిరి పడకుండా పైన వల కప్పండి. ఫిల్టర్‌ను కూడా బకెట్‌లో పట్టిన తొట్టి నీళ్లలోనే నడవనివ్వండి. ఎండిపోయినా, గాలి ఆడకుండా గంటలకొద్దీ ఉన్నా బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

పాత రాళ్లను ప్లాస్టిక్ మగ్గుతో తోడండి. అడుగు పొర నల్లగా ఉండి కుళ్లిన కోడిగుడ్డు వాసన రావచ్చు. అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలను ముందే బయటికి తీసింది ఇందుకే. రాళ్లతో ఉన్న తొట్టిని మాత్రం ఎత్తకండి, గాజు అతుకులు విడిపోతాయి. రెండు గుప్పెళ్ల పాత రాళ్లను వల సంచిలో కట్టి చేపల బకెట్‌లో వేసుకోండి. మిగిలిన బురద నీళ్లు పూలకుండీలకు మంచి ఎరువు.

కొత్త రాళ్లను వెనక ఎత్తుగా, ముందు పల్లంగా పరిచి, వాటి మీద ఒక పళ్లెం పెట్టి, ఆ పళ్లెం మీద నెమ్మదిగా నీళ్లు పోయండి. మొదట దాచిన నీళ్లు, తర్వాత క్లోరిన్ పోగొట్టిన కొత్త నీళ్లు, అదీ దాదాపు అదే వేడిలో ఉన్నవి. ఇసుక పూర్తిగా అడుక్కి దిగాకే ఫిల్టర్ పెట్టండి, లేకపోతే రేణువులు మోటారులోకి వెళ్లి అరగదీస్తాయి. ఆ తర్వాత చేపలు, వల సంచి. అందులోని బ్యాక్టీరియా మెల్లగా కొత్త రాళ్లకు పాకుతుంది.

ఆ రోజు మేత వేయకండి. వారం పాటు సగమే వేయండి. రెండు మూడు రోజులు నీళ్లు మసకగా ఉంటే కంగారు పడి మళ్లీ అంతా ఖాళీ చేయవద్దు. పది రోజులు టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ చూస్తూ, ఏది కనిపించినా పావు వంతు నీళ్లు మార్చండి. మూడు వారాల తర్వాత వల సంచి తీసేయవచ్చు.