బీఈఈ కొనుగోళ్ల లెక్క, 3వ పాఠం: ఒక్క ర్యాండ్ ఎన్ని వరసల్లో పడుతుంది?

బీఈఈ అంటే నల్లజాతి వాళ్లకి వ్యాపారాల్లో వాటా దక్కాలని దక్షిణాఫ్రికా తెచ్చిన చట్టం, ర్యాండ్ అక్కడి కరెన్సీ. ఎవరి దగ్గర కొంటున్నామన్నదానికీ పాయింట్లుంటాయి, మన కంపెనీ లెవెల్ తేలడంలో అవీ కలుస్తాయి. పోయిన పాఠంలో టీఎంపీఎస్ తేల్చుకున్నాం, అంటే ఏడాది మొత్తం కొనుగోళ్లలో లెక్కకొచ్చే ఖర్చు. జీతాలు తీసేశాం, వ్యాట్ తీసేశాం. వ్యాట్ దగ్గర చాలామంది జారుతుంటారు కాబట్టి ఇంకోసారి చెప్తున్నా: ఇన్‌వాయిస్‌లో 15 శాతం వ్యాట్ కలిసి ఉంటే ఆ మొత్తాన్ని 1.15తో భాగించాలి, అందులోంచి 15 శాతం కోసేయకూడదు. ఆ టీఎంపీఎస్సే ఇవాళ మన హారం. లవంలో ఏం పెట్టాలన్నదే ఈ పాఠం.

దక్షిణాఫ్రికాలో ప్రతి సప్లయర్‌కీ ఒక బీఈఈ లెవెల్ ఉంటుంది, ఆ లెవెల్‌ని బట్టి మీరు కట్టిన డబ్బు పెరిగో తరిగో లెక్కకొస్తుంది. లెవెల్ 1 వాళ్ల దగ్గర 100 ర్యాండ్లకి కొంటే 135గా రాసుకోవచ్చు. లెవెల్ 2కి 125, 3కి 110, 4కి సరిగ్గా 100. అక్కడి నుంచి పడిపోవడమే: 80, 60, 50, లెవెల్ 8కి వచ్చేసరికి 10. సర్టిఫికెట్ లాంటి కాగితమేదీ లేకపోతే సున్నా, వాళ్లు ఎంత మంచి సరుకు ఇచ్చినా సరే.

ఇలా వచ్చిన మొత్తాన్ని ఐదు వరసల్లో కొలుస్తారు. 2019 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన జనరిక్ కోడ్స్, అంటే అందరికీ వర్తించే మామూలు నియమాల ప్రకారం చెప్తున్నా, నిర్మాణం, టూరిజం లాంటి రంగాలకి సొంత కోడ్స్ ఉన్నాయి, వాటి టార్గెట్లు వేరు. సప్లయర్లందరి మీదా కలిపి టీఎంపీఎస్‌లో 80 శాతం తెస్తే 5 పాయింట్లు. 10 నుంచి 50 మిలియన్ ర్యాండ్ల టర్నోవర్ ఉన్న చిన్న కంపెనీలు, అంటే క్యూఎస్‌ఈల నుంచి 15 శాతానికి 3. 10 మిలియన్ దాటని మరీ చిన్న వ్యాపారాలు, అంటే ఈఎంఈల నుంచి 15 శాతానికి 4. కనీసం 51 శాతం నల్లజాతి వాళ్ల సొంతమైన సప్లయర్ల నుంచి 50 శాతానికి ఏకంగా 11. కనీసం 30 శాతం నల్లజాతి మహిళల సొంతమైన వాటి నుంచి 12 శాతానికి 4. మొత్తం 27, పైన 2 బోనస్. ఈ 27లో 40 శాతం, అంటే 10.8 రాకపోతే మిగతావన్నీ బాగున్నా కంపెనీ లెవెల్ ఒకటి కిందికి దిగిపోతుంది. అందుకే ఏడాది లెక్కలు ముగిసే వేళకి అకౌంట్స్ వాళ్లకి అంత టెన్షన్.

అసలు సంగతి ఏంటంటే, ఈ వరసలు ఒకదాన్నొకటి మినహాయించవు. ఒకే ర్యాండ్ నాలుగు చోట్ల పడొచ్చు.

డర్బన్‌లో ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీ అనుకుందాం. టీఎంపీఎస్ 40 మిలియన్. కలప ఇచ్చే పెద్ద కంపెనీకి 12 మిలియన్ కట్టారు, అది లెవెల్ 4, నల్లజాతి వాటా 51 కన్నా తక్కువ. ఫోమ్, బట్ట ఇచ్చేది 51 శాతం నల్లజాతి వాటా ఉన్న క్యూఎస్‌ఈ, లెవెల్ 2, 6 మిలియన్. సరుకు తోలే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు పూర్తిగా నల్లజాతి సొంతమైన ఈఎంఈ, అందులో మహిళల వాటా 40 శాతం, లెవెల్ 1, 4 మిలియన్. మెషిన్ల విడిభాగాలు లెవెల్ 8 కంపెనీ నుంచి 8 మిలియన్. మిగిలిన 10 మిలియన్ కాగితం లేని సప్లయర్లది.

లెక్కకొచ్చేవి వరసగా 12, 7.5, 5.4, 0.8, సున్నా. కలిపితే 25.7, అంటే 64.25 శాతం, టార్గెట్ 80 కాబట్టి ఆ నిష్పత్తిలో మొదటి వరసలో 5కి 4.02. క్యూఎస్‌ఈ 18.75 శాతం, టార్గెట్ దాటింది, 3కి 3. ఈఎంఈ 13.5 శాతం, 3.6. 51 శాతం వరసలో ఫోమ్, ట్రాన్స్‌పోర్ట్ రెండూ కలిసి 32.25 శాతం, 7.10. మహిళల వరసలో 13.5 శాతం, పూర్తి 4. మొత్తం దాదాపు 21.7.

ట్రాన్స్‌పోర్ట్‌కి కట్టిన ఆ 4 మిలియన్లు చూడండి, నాలుగు వరసల్లో పనిచేశాయి. కలపకి కట్టిన 12 మిలియన్లు ఒక్క వరసలోనే ఆగిపోయాయి. సర్టిఫికెట్ మీద లెవెల్ ఒక్కటే చూసి సప్లయర్‌ని ఎంచుకునే పద్ధతి నాకు అందుకే నచ్చదు. చట్టం రాసినవాళ్లు చిన్న వ్యాపారుల చేతికి డబ్బు చేరాలనే వరసల్ని ఇలా పేర్చారు, వర్ణవివక్ష రోజుల్లో వ్యాపారం చేసుకోకుండా అడ్డంకులు ఎదుర్కొన్నవాళ్ల పిల్లల చేతికి.

ఇప్పుడు ఆ కాగితం లేని 10 మిలియన్ల దగ్గరికి రండి. అందులో 2 మిలియన్లు పూర్తిగా నల్లజాతి సొంతమైన ఒక చిన్న వెల్డింగ్ షాపువి అనుకోండి, ఎవరూ అఫిడవిట్ అడగలేదు, అంతే. అడిగి తెచ్చుకుంటే అది లెవెల్ 1 ఈఎంఈగా లెక్కకొచ్చి 2 కాస్తా 2.7 అవుతుంది. మొదటి వరస 4.44కి, ఈఎంఈ పూర్తి 4కి, 51 శాతం వరస 8.58కి పెరుగుతాయి. కొత్తగా ఒక్క ర్యాండ్ ఖర్చు లేకుండా 2.3 పాయింట్లు!

ఈఎంఈకి ఆడిట్ అక్కర్లేదు, ప్రమాణ అఫిడవిట్ చాలు, పోలీస్ స్టేషన్లో ముద్ర ఉచితంగానే వేస్తారు. చేతికొచ్చాక మాత్రం కళ్లు పెట్టి చదవండి: ఏ ఆర్థిక సంవత్సరం చివరి తేదీకి టర్నోవర్ చెప్తున్నారో రాశారా, వాటా శాతాలు నింపారా, సంతకం తేదీ, ముద్ర వేసిన అధికారి తేదీ ఒకటేనా. చెల్లుబాటు 12 నెలలే. ఒక్క గడి ఖాళీగా ఉన్నా వెరిఫికేషన్ వాళ్లు పక్కన పెట్టేస్తారు, ఆ 2.7 మళ్లీ సున్నా.

మన తెలుగువాళ్లకి తరచూ వచ్చే సందేహం ఒకటుంది. చట్టంలో నల్లజాతి అంటే ఆఫ్రికన్లు, కలర్డ్, ఇండియన్లు, కానీ పుట్టుకతోనో వంశంతోనో పౌరులై ఉండాలి, లేదా 1994 ఏప్రిల్ 27కి ముందు పౌరసత్వం తీసుకుని ఉండాలి. ఆ తేదీకి ముందే అర్హత ఉండీ తీసుకోలేకపోయినవాళ్లకీ చోటుంది. 1860 తర్వాత నటాల్ చెరకు తోటలకి వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు ఈ లెక్కలోకి వస్తారు. నిన్నగాక మొన్న హైదరాబాద్ నుంచి జోహన్నెస్‌బర్గ్ వెళ్లి కంపెనీ పెట్టినవాళ్లు రారు. రానివాళ్లు పేరుకి ఒకర్ని డైరెక్టర్‌గా కూర్చోబెట్టి లెవెల్ తెచ్చుకోవడాన్ని ఫ్రంటింగ్ అంటారు, అది నేరం, 10 ఏళ్ల దాకా జైలు, కంపెనీకైతే టర్నోవర్‌లో 10 శాతం దాకా జరిమానా. అలాంటి సలహా ఇచ్చేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు.

ఈ వారం చేయాల్సింది: మీ సప్లయర్ల జాబితాని ఖర్చు ప్రకారం పెద్దది నుంచి చిన్నదికి సర్ది, పక్కన నాలుగు గడులు గీయండి: లెవెల్, సైజు, నల్లజాతి వాటా, మహిళల వాటా. ఐదో గడిలో కాగితం గడువు తేదీ. ఖాళీలున్న వాటిలో పైనున్న పదిమందికి ముందు ఫోన్ చేయండి. వచ్చే పాఠంలో దిగుమతుల్ని టీఎంపీఎస్‌లోంచి ఎప్పుడు తీసేయొచ్చో, దానికి ఏ ప్లాన్ చూపించాలో చూద్దాం.