పాత వాచీల సంరక్షణ – నాలుగవ పాఠం: స్టీలు చైనుకు మెరుగు పెట్టడం

గడచిన మూడు పాఠాలలో పాత వాచీని పరీక్షించి కొనడం, వెనుక మూత తెరవడం, లోపలి యంత్రాన్ని శుభ్రపరచి నూనె వేయడం నేర్చుకున్నాము. మన అభ్యాసానికి ఎంచుకున్నది కీ ఇచ్చే హెచ్‌.ఎం.టి. వాచీ కనుక దానినే ఉదాహరణగా ఉంచుకొని, చైను మీది గీతలను ఎలా తగ్గించాలో, ఆ పనిని ఎక్కడ ఆపాలో ఈ పాఠంలో చూద్దాము. జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్‌.ఎం.టి. వాచీల తయారీ విభాగాన్ని మూసివేయడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అందువల్ల ఆ కాలపు కేసును (అంటే యంత్రాన్ని పట్టి ఉంచే లోహపు డబ్బీని) గానీ చైనును గానీ మనం అతిగా అరగదీస్తే, దానికి బదులు మరొకటి పాత నిల్వలలో వెతుక్కోవలసిందే. గీత పోవాలంటే దాని చుట్టూ ఉన్న లోహం అంత లోతున పోవాలి. పోయిన లోహం తిరిగి రాదు. ఈ ఒక్క విషయం మనసులో ఉంటే చాలా వాచీలు పాడుకాకుండా మిగులుతాయి.

గీతలను అరగదీసే గరుకు కాగితం పట్టుకొనే ముందు మన చేతిలో ఉన్నది ఏ లోహమో తేల్చుకోవాలి. వెనుక మూత మీద స్టెయిన్‌లెస్ స్టీలు అని ఉన్నంత మాత్రాన కేసు అంతా స్టీలు అనుకోరాదు. ఆ మాట మూతకు మాత్రమే వర్తించవచ్చు. హెచ్‌.ఎం.టి. జనతా వంటి వాచీలలో ఇత్తడి కేసుకు క్రోమియం పూత వేసి, స్టీలు మూత బిగించినవి ఎన్నో ఉన్నాయి. అయస్కాంతంతో పరీక్ష ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఇత్తడీ అంటుకోదు, వాచీలకు వాడే మేలురకం 316ఎల్ స్టీలు కూడా దాదాపు అంటుకోదు. భూతద్దంతో లగ్గుల మూలలను, అంటే పిన్ను కూర్చునే కొసలను, చెమట తగిలే అడుగు భాగాన్ని చూడండి. అక్కడ పసుపు రంగు కనిపిస్తే అది పూత వేసిన ఇత్తడి. దానిని సబ్బునీటితో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి వదలివేయాలి. బంగారు పూత మందం మామూలుగా పది ఇరవై మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు) మించదు, అలంకరణ కోసం వేసే క్రోమియం పొర ఒక మైక్రానుకు కూడా రాదు. మనం వాడబోయే 600 నంబరు కాగితం మీది ఒక్కొక్క రేణువు సుమారు 25 మైక్రాన్లు ఉంటుంది. అంటే పూతకంటే దానిని గీకే రేణువే పెద్దది.

చైను స్టీలుదే అని తేలిన తరువాత లింకులు గట్టివా, రేకును మడిచి చేసినవా అన్నది చూడాలి. పాత చైనులలో మడత రేకువి ఎక్కువ. పక్క అంచు పైకి వచ్చేలా ఒక కొసను పట్టుకొని చైనును అడ్డంగా చాస్తే, అరిగిన చైను కిందికి వంగిపోతుంది. దీనిని చైను సాగింది అంటారు గానీ లోహం సాగదు. దుమ్ము, చెమట కలిసిన మడ్డి లింకుల సందులలో చేరి నూరుడు ముద్దలా పనిచేసి, పిన్నును, దాని రంధ్రాన్ని అరగదీస్తుంది. ఆ వదులును ఏ మెరుగూ సరిచేయలేదు.

లగ్గులకు లోపలి వైపు టేపు అంటించి, పళ్ళెం మీద పెట్టి, చీలిక మొన ఉన్న పనిముట్టుతో, చైనును లగ్గులకు పట్టి ఉంచే స్ప్రింగు పిన్నులను నొక్కి చైనును వేరు చేయండి. గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, చైనును కొంతసేపు నానబెట్టి, మెత్తని పళ్ళ బ్రష్షుతో సందులన్నీ తోమాలి. ధ్వని తరంగాలతో మురికిని వదిలించే అల్ట్రాసోనిక్ యంత్రం ఉంటే చైనును మాత్రమే అందులో వేయాలి, వాచీని ఎన్నటికీ వేయరాదు. చాలా చైనులకు ఈ స్నానంతోనే సగం మెరుగు వస్తుంది. ఇక్కడితో తృప్తిపడి ఆగిపోయేవారిని నేను మనసారా మెచ్చుకుంటాను.

ఇంకా ముందుకు వెళ్ళదలచినవారు చైను మీద రెండు రకాల తలాలు ఉంటాయని గమనించాలి: అద్దంలా మెరిసేవి కొన్ని, సన్నని సమాంతర గీతలతో మసకగా ఉండేవి కొన్ని. మెరిసే తలాల పని ముందు ముగించాలి. వాటర్ పేపరు (తడిపి వాడే గరుకు కాగితం) 1500, ఆపై 2000 నంబర్లతో తడిపి రుద్ది, మెటల్ పాలిష్ అద్దిన గుడ్డతో మెరుగు తేవాలి. తరువాత వాటిని టేపుతో పూర్తిగా కప్పి, గీతల తలాలను పట్టాలి. చైనును చదునైన చెక్క మీద కదలకుండా అంటించి, 600 నంబరు కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి, చైను పొడవునా ఈ కొస నుండి ఆ కొస దాకా ఒకే దిశలో ఒకే ఒత్తిడితో లాగాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే గీతలు కలగాపులగమవుతాయి. చెక్క అటూ ఇటూ ఊగితే అంచులు గుండ్రబడతాయి. నాలుగైదు లాగుళ్ళకు ఒకసారి ఆపి, తుడిచి, వెలుతురులో చూడండి. పాత గీతలు కొత్త గీతలలో కలిసిపోయిన క్షణమే ఆపవలసిన క్షణం. గోరు తగిలితే ఆగేంత లోతైన గాటు ఉంటే దానిని అలాగే ఉండనివ్వండి. మడత రేకు లింకులకైతే ఈ కాగితం కూడా వద్దు, గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బరు ముక్క చాలు. మామూలు ఇనుప పీచు మాత్రం వాడకండి. అది విడిచిన ఇనుప నలుసులు స్టీలులో ఇరుక్కొని తరువాత తుప్పు చుక్కలుగా బయటపడతాయి.

ఈ పనిని దుకాణంలో చేయించేవారికి ఒక మాట. వేగంగా తిరుగుతూ మెరుగు పెట్టే బఫింగు చక్రానికి పెట్టి రెండు నిమిషాలలో తళతళలాడించి ఇస్తామంటే ఒప్పుకోకండి. ఆ చక్రం మసక తలాన్నీ మెరిసే తలాన్నీ ఒకటి చేస్తుంది, పదునైన అంచులను కరిగిస్తుంది. గీతలున్నా అంచులు నిలిచిన వాచీకి, సేకరించేవారి దృష్టిలో, నున్నగా అరిగిన వాచీకంటే విలువ ఎక్కువ.

పని ముగిశాక చైనును మళ్ళీ కడిగి రేణువులన్నీ పోగొట్టి, పూర్తిగా ఆరబెట్టండి. లింకులు విప్పి ఉంటే, లోపలి వైపున్న బాణం గుర్తు పిన్నును తీయవలసిన దిశ అని, తిరిగి దూర్చవలసింది ఎదుటి దిశనుండి అని గుర్తుంచుకోండి. స్ప్రింగు పిన్నులు వంగినా, మొనలు అరిగినా కొత్తవి వేయండి. వాటి ఖరీదు కొద్దిపాటిదే, అవి జారితే పోయేది వాచీ. బిగించాక రెండు వైపులా గట్టిగా లాగి చూసిన తరువాతే చేతికి పెట్టుకోవాలి.

వచ్చే పాఠంలో ఆక్రిలిక్ అద్దం మీది గీతలను తీయడం చేపడతాము. ఈలోగా పనికిరాని ఒక పాత చైనును సంపాదించి, దాని మీద ఒకే దిశలో లాగడం చేయి కుదిరేవరకు సాధన చేయండి.