చక్రాల అలైన్‌మెంట్ – 3వ పాఠం: టో కొలవడం, దిద్దించుకోవడం

చక్రాలు నిలిచే కోణాలను సరిచేయడమే అలైన్‌మెంట్, ఆ కోణాల్లో ఒకటి టో. గత పాఠంలో చక్రాన్ని జాకీ మీద లేపి, అటూ ఇటూ ఊపి, టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) ఎండ్‌లోనూ బాల్ జాయింట్‌లోనూ ప్లే (వదులు) ఉందో లేదో చూశాం. ప్లే కనిపించిన వాళ్లు ముందు ఆ పార్టు మార్పించుకోండి, ఈ పాఠం సంగతి తర్వాత. వదులు జాయింట్లతో చేయించిన అలైన్‌మెంట్ మొదటి గోతిలోనే పోతుంది, ఇచ్చిన డబ్బు దండగ.

కారును పైనుంచి చూస్తున్నారనుకోండి. ముందు చక్రాలు రెంటికీ ముందంచుల మధ్య దూరం వెనకంచుల మధ్య దూరం కన్నా తక్కువైతే టో ఇన్, ఎక్కువైతే టో అవుట్. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం మలుపు తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలడం) కూడా ఉన్నాయి గానీ, టైరును తినేయడంలో ఏదైనా టో తర్వాతే. ఎందుకో లెక్క వేసి చూడండి. టైరు వ్యాసం 600 మి.మీ., టో ఇన్ మొత్తం 2 మి.మీ. అంటే ఒక్కో చక్రం వాటా 1 మి.మీ. ఆ లెక్కన కారు కిలోమీటరు వెళ్లేసరికి ఒక్కో ముందు టైరు 1.67 మీటర్ల మేర పక్కకు రాసుకుంటుంది. వైజాగ్‌లో గాజువాక నుంచి మధురవాడకి రోజూ వెళ్లి వచ్చే కారుకి అది నెలకి ఎంతవుతుందో మీరే లెక్క కట్టుకోండి. టో 6 మి.మీ. దాకా తప్పిందంటే కొత్త టైరు కూడా ఎంతోకాలం నిలవదు.

టైరే ఈ సంగతి ముందుగా చెబుతుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా, లోపలివైపు నుంచి బయటికి, మళ్లీ బయట నుంచి లోపలికి నిమరండి. బయటికి లాగినప్పుడు రంపపు పళ్లలా గరుకుగా తగిలి, లోపలికి నిమిరినప్పుడు నున్నగా ఉంటే టో ఇన్ ఎక్కువైనట్టు. దానికి తిరగబడితే టో అవుట్. టో అవుట్‌లో లోపలి అంచు అరుగుతుంది కాబట్టి నిలబడి చూస్తే తెలియదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, వంగి చూడాలి. తీగలు బయటపడిన టైరు మీద మాత్రం చెయ్యి పెట్టకండి, కోసుకుంటుంది. ఇంకొకటి: అరకు ఘాట్ ఎక్కువగా తిరిగే కార్లకి మలుపుల్లో ఒరుసుకుని బయటి భుజాలు అరుగుతాయి. అది చూసి అలైన్‌మెంట్ పోయిందనుకోవద్దు.

ఇక కొలత. కావలసినవి సుద్దముక్క, పెన్సిల్, టేపు, తాపీమేస్త్రీలు వాడే తూకం గుండు, సాయానికి ఇద్దరు. చోటు సమతలంగా ఉండాలి. వైజాగ్‌లో అదే కష్టం, చాలా అపార్ట్‌మెంట్ల సెల్లార్లు నీళ్లు పోవడానికి వాలుగా కట్టి ఉంటాయి. చెంబుడు నీళ్లు పోసి, అవి ఒకవైపుకి పరిగెత్తకుండా నిలిచే చోటు వెతకండి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే, డ్రైవరు డోరు దగ్గరి స్టిక్కర్ మీదున్న అంకెకు సరిచేయండి.

స్టీరింగ్ తిన్నగా పెట్టి, కారును మూడు మీటర్లు ముందుకు తోసి ఆపండి. ఆపడానికి హ్యాండ్ బ్రేకే వాడాలి. కాలి బ్రేకు నొక్కితే ముందు చక్రాలు వెనక్కి గుంజుకుని, కీళ్లలోని రబ్బరు బుష్‌లు నలిగి, కొలత మారుతుంది. అదే కారణంగా ఒక్క అంగుళం కూడా వెనక్కి తోయకండి.

ఇప్పుడు ఒక్కో ముందు టైరుకి వెనకవైపు, హబ్ (చక్రం నడిబొడ్డు) ఎత్తులో, నడిమి గాడి అంచున సన్నటి సుద్ద గీత గీయండి. మడ్‌ఫ్లాప్ అడ్డొస్తే మడవండి. గీతకు దారం ఆనించి గుండు వేలాడదీసి, అది ఆగాక దాని మొన కింద నేల మీద పెన్సిల్ చుక్క పెట్టండి. రెండో టైరుకీ అంతే. తర్వాత గీతలు ముందువైపుకి, మళ్లీ హబ్ ఎత్తుకి వచ్చేదాకా కారును తోయండి. 600 మి.మీ. టైరుకి ఇది దాదాపు 94 సెం.మీ. మళ్లీ గుండు, మళ్లీ చుక్కలు. కారును ముందుకే తోసి పక్కకు తీసేసి, వెనక చుక్కల జత మధ్య దూరం, ముందు చుక్కల జత మధ్య దూరం కొలవండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే టో: వెనక దూరం ఎక్కువైతే ఇన్, ముందు దూరం ఎక్కువైతే అవుట్. రెండుసార్లూ కొలిచింది ఆ గీత దగ్గరే కాబట్టి, రిమ్ము కాస్త వంకరగా ఉన్నా దాని తేడా ఇందులో చేరదు. మొత్తం ఇంకోసారి చేయండి. రెండు ఫలితాల మధ్య ఒక మిల్లీమీటరు మించి తేడా వస్తే ఎక్కడో దారం కదిలినట్టే. చాలా ముందు చక్రాల డ్రైవ్ కార్లకి టో సున్నాకి దగ్గరగానే ఉంటుంది. సరైన అంకె మీ కారు సర్వీసు స్పెసిఫికేషన్‌లోది.

దిద్దే పని షాపుకే వదలండి, కానీ దగ్గరుండి చూడండి. రెండువైపులా టై రాడ్ లాక్ నట్లు వదులు చేసి, రెండు రాడ్లనూ సమానంగా తిప్పాలి. ఒకవైపే తిప్పి ముగిస్తే టో అంకె సరిపోతుంది గానీ, తిన్నగా వెళ్లేటప్పుడు స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. ఆ వంకర పోగొట్టడానికి స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి మళ్లీ తిన్నగా బిగిస్తామంటే ఒప్పుకోవద్దు. రాడ్ తిప్పేముందు దాని మీది రబ్బరు తొడుగు (బూట్) క్లిప్పు వదులు చేయమనండి, లేకపోతే బూట్ మెలిపడి చిరుగుతుంది. బీచ్ రోడ్డు పక్క, హార్బర్ వైపు ఉండే కార్లకి ఉప్పుగాలికి లాక్ నట్లు పట్టేస్తాయి. ముందురోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టుకుని వెళ్తే పానా జారి నట్టు అంచులు పోవు.

చివరగా ప్రింట్ కాగితం. "ముందు", "తర్వాత" అంకెలు రెండూ ఉండాలి. మిషన్ డిగ్రీల్లో చూపిస్తోందో, నిమిషాల్లో (డిగ్రీలో అరవయ్యో వంతు) చూపిస్తోందో కనుక్కోండి. 0.10 డిగ్రీ అంటే 6 నిమిషాలు, 10 నిమిషాలు కాదు. స్పెసిఫికేషన్ ఒక కొలమానంలో, కాగితం ఇంకో కొలమానంలో ఉంటే అంకె సరిగ్గా ఉన్నట్టు ఆకుపచ్చ రంగు పడ్డా లాభం లేదు. వెనక చక్రాల అంకెలు కూడా తీసుకోండి. వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే అడ్డ దూలం) ఉన్న చిన్న కార్లలో వాటిని మామూలుగా తిప్పి దిద్దే వీలుండదు గానీ, బీమ్ వంగి ఉంటే ఆ అంకెల్లోనే బయటపడుతుంది.

ఆ కాగితం, మీరు కొలిచిన మిల్లీమీటర్లు దాచి ఉంచండి. వచ్చే పాఠం క్యాంబర్ గురించి. కారు ఒకవైపుకి లాగడానికి టో కారణమా కాదా అన్నది ఆ అంకెలతోనే తేలుద్దాం.