ఇంటిల్లిపాదీ ఇరవికుళం వెళ్లాలంటే

మున్నార్ అనగానే అందరూ ముందు రైలు టికెట్లు వెతుకుతారు. అక్కడి ఇరవికుళం నేషనల్ పార్కు కూడా చూడాలంటే ముందు క్యాలెండరు చూడండి. వరయాడులనే కొండమేకలు ఈనే కాలం కాబట్టి మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పార్కు మూసేస్తారు. జూన్ నుంచి ఆగస్టు దాకా జోరువాన, జలగలు, ఘాట్‌లో కొండచరియలు. పిల్లల సెలవుల్లో అన్నిటికంటే సంక్రాంతి మేలు. తెల్లవారుజామున చలి వణికిస్తుంది గానీ ఆకాశం తేటగా ఉంటుంది. దసరాకైతే మధ్యాహ్నం వాన పడుతుందనుకునే బయల్దేరండి. నీలకురింజి పూలు పన్నెండేళ్లకోసారి పూస్తాయి. 2018లో పూశాయి, మళ్లీ 2030లోనే.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సికింద్రాబాద్, గుంటూరు, తిరుపతి వైపు వాళ్లకు శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. ఆలువలో దిగితే మున్నార్ 110 కిలోమీటర్లు. దూరం చూసి రెండు గంటలనుకోవద్దు, నాలుగు పడుతుంది. నేరియమంగళం దాటాక మలుపులే మలుపులు. పిల్లలు వాంతులు చేసుకునేది ఇక్కడే. ఆలువలో పూరీలు, వడలు కాకుండా రెండేసి ఇడ్లీలు పెట్టండి. వాంతుల మాత్ర డాక్టరు చెప్పిన మోతాదులో, ఘాట్ మొదలయ్యే అరగంట ముందే వేయాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే నిలవదు.

రూము దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ‘మున్నార్’ అని బోర్డుంటుంది, తీరా చూస్తే ఆనచ్చాల్‌లోనో చిన్నకనాల్‌లోనో ఉంటుంది. పార్కు ఉన్నది మరయూర్ రోడ్డులో. ఊరికి ఇవతల దిగితే పొద్దున్నే బజారు ట్రాఫిక్‌లో గంట పోతుంది. డబ్బు కట్టేముందు మ్యాపులో పార్కు చెక్‌పోస్టుకు ఎంత దూరమో చూసుకోండి.

పార్కు టికెట్టు ఆన్‌లైన్‌లో, పొద్దున మొదటి స్లాటుకే తీసుకోండి. పొద్దెక్కేకొద్దీ మంచు కమ్మి, 2,695 మీటర్ల ఆనముడి శిఖరం కూడా కనబడకుండా పోతుంది. సొంత కారు చెక్‌పోస్టు దగ్గరే ఆపాలి, అక్కడినుంచి అటవీశాఖ బస్సులో పార్కులోని రాజమల. బస్సు దిగాక నడక, ఎత్తుగా సాగే రోడ్డు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పైదాకా వెళ్లక్కర్లేదు, వరయాడులు తరచూ రోడ్డు పక్కనే మేస్తుంటాయి. ముదురు పోతులకు వీపు మీద జీను వేసినట్టు వెలిసిన మచ్చ ఉంటుంది, పిల్లలకు చూపించండి. చిప్స్ మాత్రం పెట్టనివ్వకండి. ప్లాస్టిక్ కవర్లు లోపలికి రానివ్వరు కాబట్టి చక్కిలాల సంచి కారులోనే వదిలేసి, నీళ్లు స్టీలు సీసాలో పట్టుకెళ్లండి. ఒంటిమీద ఒకే మందపాటి స్వెట్టర్ కంటే రెండు పల్చటివి నయం, నడిచి ఒళ్లు వేడెక్కితే ఒకటి తీసేయొచ్చు.

కిందికి దిగాక అదే రోడ్డులో ముందుకెళ్తే లక్కం జలపాతం. మాట్టుపెట్టి డ్యామ్, టాప్ స్టేషన్ వ్యూపాయింట్ వేరే దిక్కున ఉన్నాయి, వాటిని మర్నాటికి ఉంచుకోండి.