‘ప్లే’ని చైనీస్‌లో చెప్పాలంటే ముందు తెలుగును అడగండి

వైజాగ్ పోర్టుకు వచ్చే ఓడలకు బియ్యం, కూరగాయలు, సబ్బులు అందించే పని నాది. చైనా నావికులతో రెండు ముక్కలు మాట్లాడదామని ఫోన్‌లో మాండరిన్ నేర్చుకున్నాను. ఓరోజు ఓ సెకండ్ ఆఫీసర్‌తో మా అమ్మాయి ఫిడేలు ప్లే చేస్తుందని చెప్పబోయి, వాలీబాల్‌కి వాడే ‘తా’ అనే క్రియే పెట్టేశాను. ఆయన పగలబడి నవ్వాడు. నేనన్నది, మా అమ్మాయి ఫిడేలును కొడుతుందని!

అప్పటినుంచి ఒకటే పద్ధతి. ‘ప్లే’ అన్న మాటను పక్కన పెట్టి, ఆ పనిలో చెయ్యి, కాలు, నోరు ఏం చేస్తున్నాయో చూస్తాను. చైనీస్ క్రియ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. తెలుగు కూడా కొంతవరకు అంతే కదా: సన్నాయి ఊదుతాం, వీణ మీటుతాం, డప్పు కొడతాం.

చేత్తోనో బ్యాటుతోనో కొట్టే ఆటలన్నీ ‘తా’. ఆర్కే బీచ్‌లో వాలీబాల్, మధురవాడ స్టేడియంలో క్రికెట్, చివరికి పేకాట కూడా. డప్పుకీ అదే. మనం ‘ఫోన్ కొట్టు’ అన్నట్టే వాళ్ళూ ఫోన్‌కి ‘తా’ అంటారు. ఫుట్‌బాల్‌ని తన్నాలి కాబట్టి ‘థీ’. పియానో, గిటార్ వేళ్ళ పని, వాటికి ‘థాన్’. వేణువుకి ‘ఛ్వేయ్’, అంటే ఊదడం.

ఇక ఫిడేలు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠాలు చెప్పిన విజయనగరం పక్కనే ఉండి, దీని దగ్గరే తప్పు చేశానని నాకు సిగ్గు. దీనికి ‘లా’ అనాలి. కమాను లాగుతారు కదా, ‘లా’ అంటే లాగడమే! తెలుగువాడు ఎలా మర్చిపోతాడు? అకార్డియన్‌నీ లాగుతారు, దానికీ ఇదే.

పలకడంలో ఓ చిన్న మాట. పిన్‌యిన్‌లో, అంటే చైనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిలో, ‘డి’ అని రాసేది మన ‘త’కి దగ్గర, ‘టి’ అని రాసేది ‘థ’కి. బళ్ళో ఒత్తులు దిద్దినవాళ్ళం, ఇంగ్లీషువాళ్ళకన్నా ఇక్కడ మనమే నయం. స్వరాలను, అంటే పలికేటప్పుడు గొంతు పెంచే, దించే తీరును మాత్రం వినే పట్టుకోవాలి, మన లిపి వాటిని చూపించదు.

చదరంగానికి ‘శ్యా ఛీ’. ‘శ్యా’ అంటే దించడం, పావును బోర్డు మీద దించుతారు. ‘ఛీ’ ఆట పేరే, తిట్టు కాదు. ఫోన్‌లో పాట పెట్టడానికి ‘ఫాంగ్’, వేషం వేయడానికి ‘యెన్’. అనుమానమొస్తే డిక్షనరీలో ‘ప్లే’ వెతక్కండి. వాయిద్యం పేరో ఆట పేరో వెతికి, ఉదాహరణ వాక్యాల్లో దానికి ముందు ఏ క్రియ ఉందో చూడండి.

ఒక్కచోట తెలుగు కూడా కాపాడదు. ‘వాన్’ అంటే పిల్లలు ఆడుకోవడం. పెద్దవాళ్ళు సరదాగా తిరగడం, ఎవరింటికైనా వెళ్ళి కాసేపు గడపడం కూడా అదే మాట. కైలాసగిరి రోప్‌వే ఎక్కి వచ్చిన ఓడ వంటవాడు ‘హావ్ వాన్’ అన్నాడు, భలే సరదాగా ఉందని. అలాంటివాడు మీ ఇంటికి ‘వాన్’కి వస్తానంటే అటక మీది క్యారమ్ బోర్డు దించకండి, టీ పెట్టండి.