ప్లేలిస్ట్ తయారైనా పాటలు మోగకపోతే: బ్యాచ్ స్క్రిప్ట్ సమస్యలు, పరిష్కారాలు

ఫోల్డర్‌లోని ఎంపీ3 పాటల పేర్లను డీఐఆర్ /బీ ఆదేశంతో (/బీ అంటే పేర్లను మాత్రమే ఇవ్వమని) తీసి, > గుర్తుతో ఒక ఎం3యూ ఫైల్‌లోకి పంపే బ్యాచ్ స్క్రిప్ట్‌కు ఒక్క వరుస చాలు. ప్లేలిస్ట్ అంటే వరుసకొక ఫైల్ పేరు ఉండే మామూలు టెక్స్ట్ ఫైలే కనుక, ఏ ఇబ్బంది వచ్చినా ముందుగా దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవాలి.

సమస్య: ఇంగ్లీషు పేర్లున్న పాటలు మోగుతాయి, తెలుగు పేర్లున్నవి మోగవు.

కారణం: ఇంగ్లీషు విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్లని తెర) సాధారణంగా 437 లేదా 850 కోడ్‌పేజీతో నడుస్తుంది. కోడ్‌పేజీ అంటే కంప్యూటర్ వాడే అక్షరాల పట్టిక, ఆ రెండింటిలో తెలుగు అక్షరాలు లేవు. అందువల్ల ‘పాట’ అన్న పేరు ఫైల్‌లోకి చేరేసరికి ‘???’ అవుతుంది, ప, దీర్ఘం, ట, ఒక్కొక్కదానికి ఒక్కో ప్రశ్నార్థకం. విండోస్ ఫైల్ పేర్లలో ప్రశ్నార్థకం ఉండడానికే వీల్లేదు కాబట్టి, ఆ పేరుతో ఏ ప్లేయరూ పాటను వెతికి పట్టుకోలేదు.

పరిష్కారం: డీఐఆర్ వరుసకు ముందే ‘సీహెచ్‌సీపీ 65001’ అనే ఆదేశం రాసి కోడ్‌పేజీని యూటీఎఫ్-8కు మార్చాలి, ఫైల్‌కు ఎం3యూ బదులు ఎం3యూ8 అనే పొడిగింపు ఇవ్వాలి. ఈ రెండో మార్పును చాలామంది వదిలేస్తారు, అప్పుడు కొన్ని ప్లేయర్లు అదే ఫైల్‌ను పాత కోడ్‌పేజీలో చదివి పేర్లను గజిబిజి చేస్తాయి. ఆ తర్వాత కూడా నల్లని తెర మీద తెలుగుకు బదులు పెట్టెలు కనిపించవచ్చు. అది ఫాంట్ లోపం, ఫైల్‌లో పేర్లు సరిగానే ఉంటాయి.

సమస్య: కంప్యూటర్‌లో మోగిన ప్లేలిస్ట్ పెన్‌డ్రైవ్‌లో వేసి మరోచోట పెడితే మోగదు.

డీఐఆర్‌కు /బీతో పాటు, లోపలి ఫోల్డర్లనూ వెతికే /ఎస్ జోడిస్తే డ్రైవ్ అక్షరంతో సహా పూర్తి దారి నమోదవుతుంది, పెన్‌డ్రైవ్‌కు ఉండే ఆ అక్షరం మరో కంప్యూటర్‌లో మారిపోవచ్చు. /బీ మాత్రమే వాడి, వచ్చిన ప్లేలిస్ట్‌ను పాటలున్న ఫోల్డర్‌లోనే ఉంచాలి.

సమస్య: ఒక్కో ఫైల్‌కూ అదే పనిని మళ్లీ చేసే ఫర్ లూప్ కమాండ్ ప్రాంప్ట్‌లో పనిచేసి, స్క్రిప్ట్‌లో ఆగిపోతుంది.

బ్యాచ్ ఫైల్‌లో లూప్ చరరాశికి ముందు % కాక %% ఉండాలి. పేరులో ఆశ్చర్యార్థకమున్న పాటలు మాత్రమే తప్పిపోతుంటే, చరరాశుల విలువలను ! గుర్తులతో రాయనిచ్చే డిలేయ్‌డ్ ఎక్స్‌పాన్షన్ ఆ గుర్తును మింగేస్తోందని అర్థం. ఈ పనికి దాని అవసరం లేదు, దాన్ని మొదలుపెట్టే వరుస తీసేయవచ్చు.

సమస్య: పదో కీర్తన రెండోదానికన్నా ముందు వస్తుంది.

డీఐఆర్ పేర్లను పేర్చేటప్పుడు అక్షరక్రమాన్నే చూస్తుంది, అంకెల విలువను చూడదు. ఫైల్ పేర్లను 01, 02 అని రెండంకెలతో మొదలుపెట్టి, పేర్ల క్రమంలో పేర్చమని చెప్పే /ఓఎన్ జోడించాలి.