డ్రాఫ్ట్ చూపు, 4వ పాఠం: శాక్ పడని స్నాప్‌లు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ ఆటగాళ్లను వీడియో చూసి అంచనా కట్టడం నేర్చుకుంటున్నాం. పోయిన పాఠంలో ట్యాకిల్ కాళ్లు చూశాం, అంటే బంతి ఉన్న జట్టు ముందు వరుస చివర నిలబడే కాపలాదారు కాళ్లు. స్నాప్ పడగానే, అంటే బంతి వెనక్కి అందించి ఆట మొదలవగానే, వెనక్కి జారుతూ పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డుగోడ కడతాడని, ఆ జారుడులో బరువు ఏ కాలి మీద ఉందో కనిపెట్టమని చెప్పాను. ఇవాళ కూడా అదే వీడియో. కన్ను మాత్రం ఎదుటివాడి మీద పెట్టాలి. గోడ అంచు తిరిగి క్వార్టర్‌బ్యాక్ మీద పడడమే పనిగా పెట్టుకున్న ఎడ్జ్ రషర్ మీద.

ఏప్రిల్ చివర్లో డ్రాఫ్ట్, అంటే ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) జట్లు వరుసగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకోవడం, దగ్గరపడుతుంటే మా ఇంట్లో ఏటా ఒకే గొడవ. మా అబ్బాయి ఫోన్‌లో మూడు నిమిషాల హైలైట్ రీల్ పెట్టి, "నాన్నా, ఈ ఏడాది వీడే" అంటాడు. రీల్లో ఉన్నవన్నీ శాక్‌లే, అంటే క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే అతన్ని పడగొట్టినవే. రీల్ అబద్ధం కాదు. కానీ కళ్యాణం ఆల్బమ్ చూసి కాపురం ఎలా ఉందో చెప్పినట్టుంటుంది.

లెక్క చూడండి. కాలేజీలో మొదటి వరుస ఆటగాడు ఒక సీజన్లో సుమారు 300 సార్లు క్వార్టర్‌బ్యాక్ మీదకు పరిగెత్తుతాడు. గొప్పగా ఆడినవాడికి వచ్చే శాక్‌లు 12, 13. మిగతా 287 సార్లు ఏం చేశాడు? ఈ పాఠమంతా ఆ 287 గురించే.

ముందు శాక్ అంటే ఏమిటో ఒకసారి విప్పి చూద్దాం. ఎన్ఎఫ్ఎల్ దీన్ని వ్యక్తిగత గణాంకంగా అధికారికంగా లెక్కపెట్టడం మొదలైంది 1982లోనే. గణాంకంలో శాక్‌లన్నీ ఒకటే, మైదానంలో కాదు. క్వార్టర్‌బ్యాక్ నాలుగు సెకన్లు బంతి పట్టుకుని దిక్కులు చూస్తే ఎవరో ఒకరు చేరతారు, అది వెనకాల పాస్ అందుకునేవాళ్లను కాసి కవరేజ్ ఆడినవాళ్ల పుణ్యం. ట్యాకిల్ పొరపాటున లోపలివాడి మీదకు వెళ్లి మన రషర్‌ను వదిలేస్తే అది కోచ్ వేసిన ఎత్తు ఫలితం. పక్కవాడు తరిమితే ఒళ్లో వచ్చి పడే శాక్ ఇంకొకటి. ట్యాకిల్‌ను ఒంటరిగా, రెండున్నర సెకన్ల లోపు ఓడించి తెచ్చుకున్నది మాత్రమే అతని సొంత సంపాదన. అందుకే నా నోట్‌బుక్‌లో శాక్ పక్కన "సొంతం" అనో "వాటా" అనో రాస్తాను. 12 శాక్‌లవాడి దగ్గర సొంతం నాలుగే తేలిన రోజులున్నాయి.

ఇక చూడడం ఎలాగో. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, కాబట్టి మనకు అంతగా పనికిరాదు. గోల్ వెనక నుంచి తీసిన వీడియో దొరికితే అదృష్టం. చేతులు, భుజాలు అందులోనే కనిపిస్తాయి. దొరక్కపోతే రీప్లేలు పోగేసుకోండి, సరిపోతాయి.

మొదట బంతి. బంతి వెనక్కి అందించే సెంటర్ చేతిలో అది కదిలిన ఫ్రేమ్ దగ్గర ఆపండి. ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరపండి. డిఫెన్స్ వరుసలో ముందుగా ఎవరి చెయ్యి నేల విడిచింది? పది స్నాప్‌లు ఇలా చేస్తే అతను బంతిని చూసి కదులుతున్నాడా, పక్కవాణ్ని చూసి కదులుతున్నాడా తెలిసిపోతుంది. పక్కవాణ్ని చూసి లేచేవాడు ఎంత వేగంగా పరిగెత్తినా అరడుగు బాకీతో మొదలుపెడతాడు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. కొందరు కేక విని ఊహించి దూకుతారు. అంచనా కుదిరితే మెరుపు, తప్పితే ఆఫ్‌సైడ్, ఐదు గజాల జరిమానా. ఆఫ్‌సైడ్‌లు విడిగా లెక్కపెట్టండి.

తర్వాత చేతులు. నన్నడిగితే పాఠంలో సగం ఇదే. నా నోట్‌బుక్‌లోంచి ఒక స్నాప్ చెబుతాను, ఆటగాడి పేరు అక్కర్లేదు.

మూడో డౌన్, అంటే మూడో ప్రయత్నం, తొమ్మిది గజాలు కావాలి. అందరికీ తెలుసు పాస్ వస్తుందని. రషర్ ఎడమ ట్యాకిల్‌కు బయట, కాస్త వెడల్పుగా నిలబడ్డాడు. స్నాప్. రెండు పెద్ద అడుగులు నేరుగా ముందుకు. ట్యాకిల్ వెనక్కి జారాడు. మూడో అడుగులో రషర్ తల, భుజం లోపలికి విసిరాడు, ట్యాకిల్ పక్కనే లోపల నిలబడే గార్డ్‌కూ ట్యాకిల్‌కూ మధ్య సందులోకి వస్తున్నట్టు. ట్యాకిల్ బరువు లోపలి కాలి మీదకు వాలింది. ఆపి చూస్తే మోకాలు వంగడం కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ట్యాకిల్ ఎడమ చెయ్యి చాచాడు. రషర్ కుడిచేత్తో ఆ మణికట్టు మీద కొట్టి కిందకు దించాడు, ఎడమ భుజం వంచాడు, ఎడమ చెయ్యి ట్యాకిల్ చంక కింద నుంచి పైకి దూశాడు. ట్యాకిల్ పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. రషర్ క్వార్టర్‌బ్యాక్‌కు రెండు గజాల్లో ఉన్నాడు.

బంతి అప్పటికే వెళ్లిపోయింది. క్వార్టర్‌బ్యాక్ రెండు సెకన్లకే పక్కన ఉన్నవాడికి చిన్న పాస్ విసిరేశాడు. గణాంకాల పట్టికలో ఈ రషర్‌కు పడింది గుండుసున్నా. నా నోట్‌బుక్‌లో పూర్తి మార్కులు. అదే ఆట నాలుగో క్వార్టర్లో అతనికి ఒక శాక్ వచ్చింది, క్వార్టర్‌బ్యాక్ సొంత గార్డ్ కాలు తగిలి పడిపోతే మీద చెయ్యి వేసినందుకు. హైలైట్ రీల్లోకి ఎక్కింది అది.

కబడ్డీ చూసిన కళ్లకు ఇది కొత్త కాదు. రైడర్ కాలు ఆశ చూపిస్తాడు, కార్నర్‌లో ఉన్నవాడు తొందరపడి చీలమండ మీదకు దూకుతాడు, రైడర్ ఆ కాలు లాక్కుని గీత దాటేస్తాడు. ముందుగా ఒళ్లు అప్పగించినవాడిదే ఓటమి. ఇక్కడ కార్నర్ స్థానంలో 300 పౌండ్లు దాటిన ట్యాకిల్ ఉంటాడు, అంతే తేడా.

చేతుల దగ్గర అడగాల్సిన ప్రశ్న: మొదటి దెబ్బ ఆగిపోతే రెండోది ఉందా? కాలేజీలో చాలామందికి ఒకటే విద్య ఉంటుంది. చెయ్యి చాచి ఛాతీ మీద పెట్టి తోసుకుపోవడమో, చుట్టూ పరిగెత్తడమో. అది ఆగిందా, ట్యాకిల్‌తో నిలబడి నాట్యమే. ఒక విద్య ఉన్నవాడికి శనివారాల కాలేజీ ఆటల్లో శాక్‌లు వస్తాయి, ఆదివారాల ఎన్ఎఫ్ఎల్ ఆటల్లో రావు. ఎన్ఎఫ్ఎల్ ఎడ్జ్ రషర్ డ్వైట్ ఫ్రీనీ గిరగిరా తిరిగే స్పిన్‌కు పేరుపడ్డాడు. కానీ ఆ స్పిన్ బతికింది ట్యాకిల్ అతని బయటి వేగానికి భయపడి వెడల్పుగా జారబట్టే. వేగం లేనివాడు తిరిగితే వీపు చూపించినట్టే అవుతుంది.

మూడోది వంపు. ట్యాకిల్ పక్కకు వచ్చాక రషర్ దారి మార్చాలి, నేరుగా పోతే క్వార్టర్‌బ్యాక్ వెనక నుంచి దాటిపోతాడు. ఒళ్లు పక్కకు ఒరిగి, చీలమండ మీద బరువు మోస్తూ వేగం తగ్గకుండా మలుపు తిరగడం కొద్దిమందికే వస్తుంది. బైక్ మీద మూల తిరిగేవాణ్ని గుర్తు చేసుకోండి, బ్రేక్ వేసి తిరిగేవాడు వేరు, ఒరిగి తిరిగేవాడు వేరు. గుర్తు పెట్టుకోవడానికి ఒక చిట్కా: ఆట ఆగాక అతను క్వార్టర్‌బ్యాక్‌కు ముందున్నాడా, వెనకున్నాడా? ఎప్పుడూ వెనకే తేలేవాడు వంగలేనివాడు.

ఇప్పుడు ఇండియానాపొలిస్. ఏటా డ్రాఫ్ట్‌కు ముందు కంబైన్ అనే కొలతల పరీక్ష అక్కడే. సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు, సుడులు చూసినట్టు ఎత్తు, బరువు, చేతి పొడవు, గెంతు, పరుగు కొలుస్తారు. మనుషులను అలా కొలవడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది, కానీ కొలతలు ఉన్నాయి కాబట్టి చదవడం నేర్చుకోవాలి. 40 గజాల పరుగు పత్రికలకు ఇష్టం. ఎడ్జ్ రషర్ 40 గజాలు నేరుగా పరిగెత్తేది అరుదు. అందులో మొదటి 10 గజాల సమయం చూడండి. ఇంకా ముఖ్యం మూడు కోన్‌ల పరుగు, ఐదేసి గజాల దూరంలో ఎల్ ఆకారంలో పెట్టిన కోన్‌ల చుట్టూ తిరగడం. మనం ఇందాక చెప్పుకున్న వంపుకు దగ్గరి కొలత ఇదే. 2017 డ్రాఫ్ట్‌లో 30వ స్థానంలో ఎంపికైన టీజే వాట్ దాన్ని 6.79 సెకన్లలో ముగించాడు. 2021లో 22.5 శాక్‌లతో మైకేల్ స్ట్రేహాన్ 2001 నాటి ఒక్క సీజన్ రికార్డును అందుకున్నవాడు అతనే.

కొలతలకు నేనూ లొంగిపోయాను. 2008లో వెర్నన్ ఘోల్‌స్టన్ విషయంలో పప్పులో కాలేశాను. ఒహాయో స్టేట్ కాలేజీ జట్టులో చివరి సీజన్లో 14 శాక్‌లు, కంబైన్‌లో 225 పౌండ్ల బరువు 37 సార్లు ఎత్తాడు. మన లెక్కలో 102 కిలోలు. ఇంకేం కావాలి అనుకున్నాను. ఎన్ఎఫ్ఎల్ జట్టు జెట్స్ డ్రాఫ్ట్‌లో ఆరో స్థానంలో తీసుకుంది. మూడు సీజన్లు ఆడాడు. ఎన్ఎఫ్ఎల్‌లో అతని శాక్‌లు సున్నా. తర్వాత పాత వీడియోలు వెనక్కి తిప్పి చూస్తే రెండో చెయ్యి, అంటే మొదటి దెబ్బ ఆగాక వేసే రెండో విద్య, కనిపించలేదు. ముందే కనిపించాల్సింది, నేను వెతకలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ టెరెల్ సగ్స్. 2002లో ఆరిజోనా స్టేట్ తరఫున 24 శాక్‌లు. తర్వాత 40 గజాల పరుగు నెమ్మదిగా వచ్చిందని చాలామంది పెదవి విరిచారు. 2003లో రేవెన్స్ పదో స్థానంలో తీసుకుంటే మొదటి ఏడాదే 12 శాక్‌లు తెచ్చాడు, వృత్తి ముగిసేసరికి 139.

ఈ రెండూ చూసి కొలతలు చెత్త అనేయకండి. 2022లో జాగ్వార్స్ మొదటి స్థానంలో ట్రేవాన్ వాకర్‌ను తీసుకుంది, అంతకు ముందు సీజన్లో జార్జియాకు అతని శాక్‌లు 6. రెండో స్థానంలో లయన్స్‌కు వెళ్లిన ఏడన్ హచిన్‌సన్ మిషిగన్‌లో 14 తెచ్చాడు, కానీ ఎడ్జ్ రషర్‌కు చేతులు పొట్టి అన్నారు. మొదటి ఏడాది హచిన్‌సన్ 9.5, వాకర్ 3.5. అక్కడితో ఆపి "చెప్పానా" అన్నవాళ్లు తొందరపడ్డారు. తర్వాత రెండేళ్లలో వాకర్ 10, 10.5 తెచ్చాడు. జార్జియాలో అతన్ని లోపలి వరుసలో కూడా నిలబెట్టి, ముందు బంతితో పరిగెత్తేవాణ్ని ఆపమన్నారు. తక్కువ శాక్‌లు చూస్తే ఆటగాడు చేయలేకపోయాడా, చేయనివ్వలేదా అని అడగాలి. డానియెల్ హంటర్ ఎల్ఎస్‌యూ కాలేజీలో చివరి సీజన్లో తెచ్చినవి ఒకటిన్నర శాక్‌లే. 2015లో మూడో రౌండ్ దాకా ఎవరూ ముట్టుకోలేదు. 2018, 2019లో వైకింగ్స్ జట్టుకు ఏడాదికి 14.5 చొప్పున తెచ్చాడు.

ఒంటి సంగతి మన చేతుల్లో లేదు, డాక్టర్ల కాగితాలు మనకు చూపించరు. లాయాటూ లాటు మెడ గాయంతో ఆట మానేసి, మళ్లీ యూసీఎల్ఏ కాలేజీ జట్టులో దిగి, 2024లో 15వ స్థానంలో కోల్ట్స్‌కు వెళ్లాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో పేరు పలికిన మొదటి డిఫెన్స్ ఆటగాడు అతనే. ఇలాంటివాడి పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోవడమే.

ఇంటిపని. ఒక ఆటగాణ్ని ఎంచుకోండి. అతని సీజన్లో బలమైన ట్యాకిల్ ఉన్న జట్టుతో ఆడిన ఆట వెతకండి, చిత్తుగా గెలిచిన ఆట వద్దు. 40 పాస్ రష్ స్నాప్‌లు. ప్రతి దానికీ మూడు గళ్లు: బంతితో కదిలాడా, రెండో చెయ్యి వచ్చిందా, ఆట ఆగేసరికి క్వార్టర్‌బ్యాక్‌కు ముందున్నాడా. అవును అయితే 1, కాదు అయితే 0. మూడో డౌన్ స్నాప్‌లకు వేరే రంగు పెన్ను వాడండి. నాలుగో క్వార్టర్ మొదలైన చోట గీత కొట్టండి, గీత కింద మార్కులు ఎంత పడిపోయాయో చూద్దురుగాని. బంతి పడేదాకా స్కోర్ బోర్డు వైపు చూడకండి, శాక్ వచ్చినా మార్కు మార్చకండి.

ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. 5వ పాఠంలో అదే ఆట మళ్లీ చూస్తాం, ఈసారి పాస్ విసరకుండా బంతితో పరిగెత్తిన స్నాప్‌లు. మీరు 1 వేసిన ఆటగాణ్ని ట్యాకిల్ ఎత్తి పక్కన పడేయడం అందులో చూస్తారు.